పొడిగానే ఉందన్నాను

ఏడేళ్ళుగా నేనొక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్నది. నోటితో అనడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత దాన్ని దించుకోవడానికి ఎన్నో అవకాశాలు వచ్చాయి. ఒక్కోసారి పెదవుల దాకా వచ్చి ఆగింది, ఒక్కోసారి అక్కడిదాకా కూడా రాలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. తెలిసినవాళ్ళకు చెప్పుకోలేకపోయినవాడు తెలియనివాళ్ళను వెతుక్కుంటాడేమో. నన్ను సమర్థించుకోవడానికి రాయడం లేదని ముందే అనాలని ఉంది. కానీ ఆ మాటైనా పూర్తిగా నిజమేనా? రాస్తూ పోతే మీకే తెలుస్తుంది. ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు కనిపిస్తే, అక్కడ నన్ను నమ్మకండి.

మాది బేగం బజార్. నాన్నది పప్పుల టోకు దుకాణం. ఆ గోనెసంచుల మధ్య కూర్చోవడం ఇష్టం లేక, ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చన్న గర్వంతో, ఆబిడ్స్‌లో రంగులు, వార్నిషులు అమ్మే దుకాణంలో గుమాస్తాగా చేరాను. సొంత గద్దె వదిలి ఇంకొకరి గద్దె ముందు నిలబడ్డావని నాన్న చూపే అనేది.

రాజలింగం మా దుకాణానికి అవిసె నూనె కొనడానికి వచ్చేవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. భువనగిరి అవతల ఏదో పల్లె. వరసగా వానలు లేక భూమి చేజారితే పట్నం వచ్చి, నాంపల్లి స్టేషన్ వెనక ఒక రేకుల కొట్టు కిరాయికి తీసుకుని, కుర్చీలకూ బీరువాలకూ పాలిష్ పెట్టి బతికేవాడు. చదువు లేదు. కానీ నూనె చుక్క వేళ్ళ మధ్య రాసి, వాసన చూసి, ఇందులో వేరే నూనె కలిసిందనేవాడు. మా యజమాని కాదని వాదించేవాడు. వారం తిరిగేలోపు రాజలింగం మాటే నిజమని తేలేది.

ఆయన తలలో ఒక ఆలోచన ఉండేది. చాకలివాళ్ళు బట్టల మీద గుర్తు పెట్టడానికి నల్లజీడి గింజ రసం వాడతారు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ మచ్చ పోదు. బట్ట చిరుగుతుంది గానీ గుర్తు అలాగే ఉంటుంది. బట్టను అంతగా పట్టుకునే రసం నేలను పట్టుకోదా అని ఆయన అడిగేవాడు. పచ్చి రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. దాన్ని అవిసె నూనెలో గంటల తరబడి కాచి, ఆ ఘాటు విరిచి, లక్క కలిపి, చిక్కటి గోధుమ రంగు పూత తయారు చేశాడు. సిమెంటు మీద రెండు పూతలు వేసి ఆరనిస్తే మేకుతో గీసినా గీత పడేది కాదు. కిరోసిన్ పోసి గంటసేపు వదిలేసినా గుడ్డతో తుడిస్తే నేల మామూలే.

"చేసే పని నాది. అమ్మే పని నీది, తమ్మీ. నాకు మాటలు రావు" అన్నాడు నాతో.

మాటలు నాకు వచ్చు. అదే నా దౌర్భాగ్యమని ఇప్పుడు అనిపిస్తుంది.

రెండేళ్ళు తిరిగాను. ఇళ్ళవాళ్ళు ఆ వాసన పది రోజులైనా పోదని వద్దన్నారు. ఒక ఇరానీ హోటలాయన, నేల ఇంతగా మెరిస్తే మా గిరాకీలు లోపలికి రావడానికి భయపడతారన్నాడు. మొజంజాహీ మార్కెట్‌లో పండ్లవాళ్ళు, రోజూ నీళ్ళతో కడిగే రాతినేలకు రంగెందుకని నవ్వారు. ఒకాయన మా ఇద్దరికీ చెరొక సీతాఫలం ఇచ్చి మరీ పంపించాడు. రాజలింగం ఆ పండు తినకుండా భార్య సత్తెమ్మకు తీసుకుపోయాడు. నాకు ఆ రోజు చాలా అవమానంగా ఉంది. ఆయనకు లేదు. ఆయన నడుస్తూ నడుస్తూ మార్కెట్ బండల మీద అరిపాదంతో రుద్ది చూస్తున్నాడు. మా ఇద్దరికీ ఉన్న తేడా అదేనేమో. ఆయనకు నేల గురించి ఆలోచన, నాకు నా గురించి.

దారి చూపింది ఖాజా మియా. ఊరికి ఉత్తరాన విమానాలు దిగే మైదానంలో ఆయన ఫిట్టరు. చేతుల జిడ్డు పోవడానికి టర్పెంటైన్ కొనుక్కోవడానికి మా దుకాణానికి వచ్చేవాడు. మనిషి గట్టివాడు, నవ్వు మొహం. ఒకరోజు మాటల్లో విమానాలను నిలిపే షెడ్డు గురించి చెప్పాడు. దాన్ని వాళ్ళు హ్యాంగర్ అంటారట.

"గా సిమెంట్ నేలతోని పరేషాన్ అయితున్నది, భాయ్. ఊడిస్తే పిండి లేస్తది. ఇంజన్ ఇప్పి పెడితే గా పిండంతా అండ్లకే పోతది. ఆయిల్ పడితే నేల తాగుతది, జారుతది. నెలకొకడు పడుతున్నడు" అన్నాడు.

రెండేళ్ళుగా నేను వెతుకుతున్నది ఇదే. దుమ్ము లేవకూడదు, నూనె ఇంకకూడదు, బరువైన చక్రాలు దొర్లినా చెదరకూడదు. ఆ పూత అక్కడికోసమే పుట్టినట్టుంది. సాయంత్రం పరుగులాంటి నడకతో నాంపల్లి పోయి చెప్పాను. రాజలింగం చేతిలోని గరిట దించి, "గాలిమోటర్లు నిలబడే కాడనా?" అని అడిగాడు. తర్వాత, జారకుండా రెండో పూతలో సన్నటి ఇసుక జల్లాలన్నాడు.

ఖాజా మియాయే మమ్మల్ని అక్కడి ఇంజనీరు దొర దగ్గరకు చేర్చాడు. పూత వేసిన షాబాద్ బండను గోనెలో చుట్టి టాంగాలో తీసుకుపోయాం. దొర దాని మీద పెట్రోలు పోశాడు. స్క్రూడ్రైవరుతో గీకాడు. బరువైన పానా ఒకటి పైనుంచి వదిలాడు. బండ అంచు విరిగింది గానీ పూత లేవలేదు. తలుపు దగ్గర కొంత మేర వేసి చూపించమన్నాడు. వేశాం. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాని మీద చక్రాలు దొర్లాయి. ఏమీ కాలేదు.

అప్పటికి యుద్ధం మొదలై ఏడాది దాటింది. మైదానంలో కొత్త హ్యాంగర్ కడుతున్నారు. దాని నేలంతా మా పూతే వేయాలని దొర నిర్ణయించాడు. అది బాగుంటే మిగతా షెడ్లు కూడా. నేను ఆ కబురు నాన్నకు చెప్పాను. బాబాయిలకు చెప్పాను. ఆబిడ్స్‌లో పలకరించిన ప్రతివాడికీ చెప్పాను. ఇంకా మొదలు కాని పని గురించి అంతమందికి ఎందుకు చెప్పాను? నాన్న మొదటిసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "విమానాలవాళ్ళు నీ మాట ఇన్నరా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న కోసమని ఇప్పుడు తెలుస్తున్నది.

యుద్ధం రోజులు కావడంతో గేటు దగ్గర కట్టుదిట్టం ఎక్కువైంది. పూత వేసే కూలీలను వాళ్ళే పెట్టుకుంటామన్నారు. మా తరఫున ఒక్కరికే పాసు. ఇంగ్లీషు వచ్చినవాడు చాలన్నారు. కాబట్టి తన చేత్తో చేసిన పూత పడబోయే నేలను రాజలింగం ఒక్కసారి కూడా చూడలేదు. నా కళ్ళతోనే చూడాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను మరచిపోదామని చూశాను, వల్ల కాలేదు.

ఆయన భయం ఒక్కటే. కొత్త సిమెంటులో చెమ్మ ఉంటుంది. పైకి ఎండినట్టు కనిపిస్తుంది, లోపల నీరు ఉంటుంది. దాని మీద గాలి పోని పూత వేస్తే కింది చెమ్మ పైకి రావడానికి తన్నుతుంది, పూత పొక్కుతుంది. అందుకని నాకు నాలుగు గాజు పలకలు ఇచ్చాడు. నేల మీద నాలుగు చోట్ల పెట్టి, అంచుల చుట్టూ కిటికీ అద్దాలకు పెట్టే లప్పం పెట్టి మూసెయ్యాలి. ఒక పగలు, ఒక రాత్రి వదలాలి. మర్నాడు గాజు కింద చెమట పడితే నేల తడి. పదిహేను రోజులు ఆగి మళ్ళీ చూడాలి. పట్టకపోతే పూత వేయొచ్చు.

"ఒక్కటి ఎనక గోడ దిక్కు పెట్టు. గాడ గాలాడదు, ఆరాలంటే గదే ఆఖరు" అన్నాడు.

పెట్టాను. మర్నాడు పొద్దున పోయాను. దొర అంతకు ముందు రోజే తేల్చి చెప్పాడు: విమానాలు నెలాఖరుకు వస్తున్నాయి, ఈ వారం మొదలుపెట్టలేకపోతే వట్టి సిమెంటు నేలతోనే తలుపులు తెరుస్తామని. తలుపు దగ్గరి పలక చూశాను. పొడి. నడిమధ్య పెట్టింది పొడి. పక్క గోడ దగ్గరిది కూడా పొడి. వెనక గోడ దగ్గరకు పోయాను.

ఆ గాజు కింద నీటి చుక్కలు ఉన్నాయి. సన్నటివి, దగ్గర దగ్గరగా. వంగి చూస్తే నా మొహం కూడా అందులో సరిగా కనిపించలేదు. దొర గుమాస్తా ఇరవై అడుగుల దూరంలో, చేతిలో కాగితాలతో, నా వైపు నడిచి వస్తున్నాడు.

నేను జేబులోంచి రుమాలు తీశాను. లప్పం గోటితో లేపి, పలక ఎత్తి, తుడిచాను. గాజునూ తుడిచాను, కింద నేలనూ తుడిచాను.

ఎంతసేపు పట్టింది? మీరు ఈ వాక్యం చదవడానికి పట్టినంత. నేను ఆలోచించానా? ఆలోచించి చేశానని చెబితే అదొక నేరం, ఆలోచించకుండా చేశానని చెబితే ఇంకొక రకం నేరం, ఈ రెండిట్లో నాకు ఏది తక్కువ నొప్పో చూసుకుని ఇన్నేళ్ళూ దాన్నే నమ్ముతూ వచ్చాను. నిజం ఏమిటంటే ఆలోచించాను. మూడు పొడిగా ఉన్నాయి కదా, ఒక మూల ఎంత ఉంటుందిలే అనుకున్నాను. నాన్న అడిగిన ప్రశ్న గుర్తుకు వచ్చింది. ఇంకా పదిహేను రోజులు కావాలని దొర ముందు నిలబడి చెప్పే నన్ను ఊహించుకున్నాను. ఆ మనిషి నాకు నచ్చలేదు. గుమాస్తా దగ్గరకు వచ్చాక, నాలుగూ పొడిగా ఉన్నాయని ఇంగ్లీషులో చెప్పి కాగితం మీద సంతకం పెట్టాను.

అక్కడి నుంచి నాంపల్లి వచ్చాను. రాజలింగం పొయ్యి ముందు కూర్చుని పూత కలుపుతున్నాడు. కళ్ళు కడాయి మీదే ఉన్నాయి.

"చెమట పట్టిందా, తమ్మీ?" అన్నాడు.

"లేదన్నా. పొడిగనే ఉన్నది."

"నాలుగు పలకలా?"

"నాలుగూ."

గరిట ఆపాడు. తల తిప్పి నన్ను చూశాడు. అనుమానంతో కాదు. చిన్నపిల్లలు ఇష్టమైన మాట మళ్ళీ చెప్పించుకున్నట్టు అడిగాడు.

"ఎనక గోడ దిక్కు గూడా?"

"ఔ అన్నా."

"అయితే ఇగ ఫికర్ లేదు" అని మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు.

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆయన నాకొక తలుపు తెరిచాడని ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

ఎనిమిది రోజుల్లో నేల పూర్తయింది. అంత అందమైన నేల నేనెప్పుడూ చూడలేదు. తాటిబెల్లం రంగులో, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక్క అతుకు లేకుండా పరుచుకుంది. విమానాలు వచ్చాయి. దొర నాతో చేయి కలిపాడు. ఆ నేల ఎట్లా ఉందో రాజలింగానికి గంటసేపు వర్ణించాను. వెలుగు ఎటునుంచి పడుతుందో, చక్రాలు దొర్లితే చప్పుడు ఎట్లా ఉందో అడిగి అడిగి తెలుసుకున్నాడు.

వానలు పడ్డాయి. ఒకరోజు ఖాజా మియా దుకాణానికి వచ్చాడు.

"నేల మస్తుగున్నది, భాయ్. ఎనక గోడ దగ్గర మాత్రం జర ఉబ్బినట్టున్నది. కాలు పెడితే మెత్తగ తగుల్తున్నది. సాబ్‌కు చెప్పాల్నా?"

పోయి చూశాను. అరచేయంత పొక్కు ఒకటి. దాని పక్కన ఇంకా రెండు. బూటుతో నొక్కితే కింద నీళ్ళు కదిలాయి. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఆ మూలలో పని చేయవద్దని, తాడు కట్టి మూసెయ్యమని చెప్పినా సరిపోయేది. పూత మళ్ళీ వేసుకోవచ్చు. కానీ గాజు పలకల సంగతి ఎత్తుతారు, సంతకం చూపిస్తారు.

"ఎండలొస్తే సర్దుకుంటది, ఖాజా భాయ్. ఇప్పుడే సాబ్‌కు చెప్పకు" అన్నాను.

ఆయన తల ఊపాడు. నన్ను నమ్మాడు. ఎందుకు నమ్మడు? ఆ నేల గురించి తెలిసినవాణ్ణి నేనే కదా.

పదకొండు రోజులు గడిచాయి. ఈ లెక్క నాకు బాగా గుర్తు, ఎందుకంటే ప్రతిరోజూ ఎండ కోసం ఆకాశం చూశాను. పన్నెండో రోజు పొద్దున మైదానం నుంచి జవాను సైకిలు మీద వచ్చి దొర వెంటనే రమ్మన్నాడని చెప్పాడు. ఏమైందని అడిగితే ఆ జవానే చెప్పాడు. ముందు రోజు మధ్యాహ్నం ఒక విమానం చక్రం మార్చడానికి రెక్క కింద జాకీ పెట్టి లేపారు. జాకీ కాలు వెనక గోడ వైపు, పొక్కిన చోట పడింది. బరువుకు పూత తోలులాగా ఊడి, కింది తడి మీద జాకీ జారింది. కింద కూర్చుని ఉన్నది ఖాజా మియా.

నేను దవాఖానకు పోయేసరికి ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. మొహం సున్నంలాగా తెల్లగా ఉంది. నన్ను చూసి ఆయన అన్న మాట ఇది: "జాకీ పెట్టేటప్పుడు నేనే చూసుకోవాల్సింది, భాయ్."

విచారణలో నేను కుర్చీ అంచు మీద కూర్చున్నాను. గాజు పలకలు పెట్టి చూశారా అని అడిగారు. చూశామన్నాను. చెమ్మ ఉందా? లేదు. నా సంతకం వాళ్ళ ముందే ఉంది. పొక్కుల సంగతి నాకు ముందే తెలుసా అని ఎవరూ అడగలేదు. నేను చెప్పవద్దన్న మాట ఖాజా మియా ఎవరికీ చెప్పలేదు. మరి నేల పొడిగా ఉంటే పూత ఎందుకు లేచింది? ఆ ప్రశ్నకు ఒక్కటే సమాధానం మిగిలింది. కలపడంలో తప్పు ఉండి ఉంటుందేమో అన్నాను. "ఏమో" అని కూడా అన్నాను. ఆ ఒక్క ముక్క చేర్చినందుకు చాలాకాలం నా నిజాయితీని నేనే మెచ్చుకున్నాను. మనిషి తనను తాను ఎంత దూరం మోసం చేసుకోగలడో నాకు అక్కడ తెలిసింది.

పూత మొత్తం గీకించారు. తలుపు దగ్గరా, నడిమధ్యనా అది ఉలికి కూడా ఒక పట్టాన లేవలేదట. అయినా గీకించారు.

రాజలింగానికి నేనే చెప్పాలి. చెప్పాను. ఆయన మొదట ఖాజా మియా గురించి అడిగాడు.

"నువ్వు చూసినప్పుడైతే పొడిగనే ఉండె కదా?" అన్నాడు తర్వాత.

"పొడిగనే ఉండె."

"అయితే తప్పు నాదే" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఆయన ఆ తప్పును వెతకడం మొదలుపెట్టాడు. లేని తప్పును. పగలు కుర్చీలకు పాలిష్, మిగిలిన పొద్దంతా పొయ్యి. లక్క తగ్గించి చూశాడు, నూనె పెంచి చూశాడు, జీడి రసం ఇంకా ఎక్కువసేపు కాచి చూశాడు. మూత తీసినప్పుడల్లా ఆవిరి తగిలి మొహం ఉబ్బేది. చేతుల మీద బొబ్బలు మానకముందే కొత్తవి లేచేవి. నెలకోసారి ఏదో ఒక బండముక్క నా ముందు పెట్టి, "జర నొక్కి చూడు, తమ్మీ" అనేవాడు. నేను నొక్కేవాణ్ణి. ప్రతి బండా గట్టిగానే ఉండేది. మొదటిది కూడా గట్టిగానే ఉండేదని చెప్పడానికి నోరు తెరిచి, బాగుందని చెప్పి మూసుకునేవాణ్ణి.

సత్తెమ్మ ఒకరోజు నన్ను వాకిట్లోనే ఆపింది.

"నువ్వు చెప్తే ఇంటడు, తమ్మీ. బంద్ చేయమని చెప్పు. కండ్లు గూడా సరిగ్గ కనిపిస్తలేవు ఆయనకు."

చెప్తానన్నాను. చెప్పలేదు. ఏమని చెప్పాలి?

ఒకసారి ఒక దవాఖాన వాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. ఆపరేషన్ గదికి గట్టి నేల కావాలట, రాజలింగం పూత గురించి ఎవరో చెప్పారట. మా చేతికి వచ్చిన రెండో పెద్ద పని. రాజలింగం చేతులు జోడించి వద్దన్నాడు. "నా రంగు మీద నాకే నమ్మకం లేదయ్యా. ఒక మనిషి కాలు తీసింది అది" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా కాళ్ళు రెండూ నేల మీద గట్టిగా ఉన్నాయి.

మరి నేను ఏమయ్యాను? అది కూడా చెప్పాలి. బాగుపడ్డాను. ఇంకొక దుకాణంలో చేరి, తర్వాత నా సొంత దుకాణం పెట్టుకున్నాను, ఆబిడ్స్‌లోనే. వేరే ఊళ్ళ నుంచి వచ్చే నేల రంగులు అమ్ముతాను. కార్ఖానాలకు, గోదాములకు, మోటారు షెడ్లకు. గాజు పలకలు పెట్టి చూడకుండా ఎక్కడా డబ్బా మూత తీయనివ్వను. ఒక్క చుక్క కనిపించినా నెల రోజులు ఆగమంటాను. అందుకని నాకు మంచి పేరు. నేల తడిగా ఉంటే తన సరుకు తానే అమ్మని మనిషి అని చెప్పుకుంటారు. ఒకాయన తన కొడుకును తీసుకొచ్చి, వ్యాపారమంటే ఈయన దగ్గర నేర్చుకోమని నా ముందే చెప్పాడు. నేను టీ తెప్పించాను. అది పశ్చాత్తాపమా? పశ్చాత్తాపమైతే దాని వల్ల లాభం నాకు ఎందుకు వచ్చింది?

ఈ ఎండాకాలం రాజలింగం మంచం పట్టాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. పొగ, ఆవిరి అన్నారు. దవాఖానలో నేను పక్కన కూర్చుని ఉండగా, ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. మొహంలో చాలా ఏళ్ళ తర్వాత ఒక వెలుగు.

"దొరికింది, తమ్మీ. లక్క ఎక్కువైంది. గదే తప్పు. లక్క బిగుసుకుని నేలను ఇడిచింది."

నా వైపు చూస్తున్నాడు. ఔనంటానని చూస్తున్నాడు. ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. నాకు అంతకన్నా మంచి సమయం ఎప్పుడూ రాలేదు, ఇక రాబోదని కూడా తెలుసు. చెబితే ఏమవుతుంది? ఏడేళ్ళు వృథా అని తెలుస్తుంది. చెప్పకపోతే? తన తప్పు తనకు దొరికిందన్న తృప్తితో పోతాడు. దయ చూపిస్తున్నాననుకున్నాను. దయ అనే మాట నా పిరికితనానికి ఎంత సరిగ్గా సరిపోయిందో.

"ఔ అన్నా. గదే అయ్యుంటది" అన్నాను.

రెండు రోజులకు పోయాడు.

దినాలు అయిపోయాక సత్తెమ్మ కొట్టు ఖాళీ చేస్తుంటే సాయం పోయాను. గోడ పొడుగునా బండముక్కలు పేర్చి ఉన్నాయి. వందకు పైనే. ఆమె ఒక్కొక్కటే బయటికి మోస్తూ, "ఇన్ని చేసిండు. ఒక్కటన్న మంచిగ వచ్చిందా?" అని అడిగింది. నేను చేతిలోని బండను కింద పెట్టి బయటికి వచ్చేశాను.

ఆ తర్వాతి శుక్రవారం ఖాజా మియా దగ్గరకు పోయాను. ఇప్పుడాయన నాంపల్లిలో ఒక అరుగు మీద కూర్చుని కిరోసిన్ స్టవ్వులు బాగు చేస్తాడు. కర్రకాలు విప్పి పక్కన పెట్టుకుంటాడు. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. గాజు, చుక్కలు, రుమాలు, సంతకం. ఏదీ వదల్లేదు. ఆయన సన్నటి సూదితో బర్నరు రంధ్రాలు పొడుస్తూ విన్నాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. నేను ఆపాక అడిగాడు.

"రాజలింగంకు ఎర్కనా?"

"లేదు. చెప్పలేదు."

"ఆయన పోయినంక నాకు చెప్తున్నవు" అన్నాడు.

అంతే. కోపంతో అనలేదు. ఉన్న మాట అన్నాడు. వెళ్ళమనలేదు, ఉండమనలేదు. ఎవరో స్టవ్వు తీసుకుని వస్తే నేను పక్కకు జరిగాను. ఆయన వాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టాడు. కాసేపు నిలబడి వచ్చేశాను. క్షమించాడా? లేదనే అనుకుంటున్నాను. క్షమించమని నేను అడగలేదు కూడా. ఆ కాలు వైపు చూస్తూ అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆబిడ్స్ వైపు నడుస్తుంటే ఒంట్లో ఏదో తేలికగా అనిపించింది. దానికి సిగ్గుపడ్డాను. ఆయన మీద ఇంకొక బరువు పెట్టి నేను తేలికవడం ఏమి న్యాయం? అయినా ఆ తేలిక పోలేదు. ఇంటికి పోయి, చాలా ఏళ్ళ తర్వాత అన్నం రుచి తెలిసేలా తిన్నాను.

సత్తెమ్మకు ఇంకా చెప్పలేదు. రేపు పొద్దున పోతాను. ఆమెకు చదువు రాదు, కాబట్టి ఈ కాగితాలు నేనే ఎదురుగా కూర్చుని చదివి వినిపించాలి. ఆమె తిడుతుందో, ఏడుస్తుందో, తలుపు వేసుకుంటుందో తెలియదు. ఏం చేసినా అది ఆమె ఇష్టం. ఆ వంద బండల్లో ఒక్కటైనా మంచిగా వచ్చిందా అని ఆమె అడిగింది కదా. అన్నీ మంచివే, వదినా. మొదటిది కూడా.

రాజలింగం పూతలో ఏ తప్పూ లేదు. నేల తడిగా ఉంది. నేను చూశాను. తుడిచాను. పొడిగానే ఉందన్నాను.

ఈ మాటలు కాగితం మీద పెట్టాక, నా చెయ్యి కాసేపు వాటి మీదే ఉండిపోయింది. తర్వాత తీశాను.